రెండు పడవల మీద పది రోజులు

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. "ఈ నెమ్మది నెట్‌తో విసిగిపోయాను మామయ్యా, వేరే కంపెనీకి మారిపోతా, రేపే ఫోన్ చేసి నెట్టూ ల్యాండ్‌లైనూ రెండూ కట్ చేయించేస్తున్నా" అని రాశావు. విసుగులో తప్పులేదు. రేపు ఆ ఫోన్ మాత్రం చేయకు. ఎందుకో మెసేజ్‌లోనే చెప్పొచ్చు గానీ, నువ్వు సగం చదివి సగం వదిలేస్తావు. అందుకే ఇంత ఉత్తరం.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు. ఈ ఒక్క పనిలో మాత్రం ఓ పది రోజులు రెండు పడవల మీదా కాళ్లుండాలి. కొత్త లైన్ ఇంట్లోకి వచ్చి, నాలుగైదు సాయంత్రాలు నిలకడగా నడిచాక, నంబర్లు కొత్తచోటికి చేరాక, అప్పుడు పాతది తీయించు. ఆ పది రోజులకీ రెండు బిల్లులు పడతాయి. పడనీ.

టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరైన మరుసటి ఏడాది నేనే ఈ తప్పు చేశాను. కొత్త కంపెనీ కుర్రాడు "రెండ్రోజుల్లో ఫైబర్ వేసేస్తాం సార్" అన్నాడు. ఆ మాట నమ్మి అదే సాయంత్రం పాతవాళ్లకి ఫోన్ చేసి కట్ చేయమన్నాను. ఆ పని మాత్రం వాళ్లు గంటలో చేసేశారు. తీరా ఫైబర్ లాగడానికి వచ్చినవాళ్లు వీధి చివర గొట్టం పూడిపోయిందనీ, తవ్వడానికి అనుమతి కావాలనీ చెప్పి వెళ్లిపోయారు. పంతొమ్మిది రోజులు ఇంట్లో నెట్ లేదు. అదైనా నయం. నెట్ లైన్ తీయమంటే దాని మీద ఉన్న ల్యాండ్‌లైన్ నంబర్ కూడా పోతుందని నాకు తట్టలేదు. లైన్ రద్దయ్యాక ఆ నంబర్ మనది కాదు. మళ్లీ అడిగితే "సిస్టమ్‌లో చూపించట్లేదండీ" అన్నారు. ఇరవై రెండేళ్లు మా ఇంట్లో మోగిన నంబర్ అది. ఎక్స్ఛేంజ్‌లో పనిచేసిన మనిషికి ఆ మాత్రం తెలీదా అని మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

సరే, నీ సంగతికొద్దాం. అసలు జబ్బు కంపెనీదా, మీ ఇంటిదా అన్నది ముందు తేల్చుకో. మీ రౌటర్ హాల్లో టీవీ వెనక ఉంది. నువ్వు పనిచేసుకునేది చివరి గదిలో. మధ్యలో రెండు గోడలు. ఆ అమరికలో ఎవరి నెట్ పెట్టించుకున్నా ఇదే కథ. లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి తగిలించి, మిగతా ఫోన్లూ టీవీ ఆపేసి స్పీడ్ టెస్ట్ చెయ్యి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. మూడు రోజులు చేసి, అంకెలు కాగితం మీద రాసుకో. కేబుల్‌తో బాగా వస్తూ వైఫైలో పడిపోతుంటే కంపెనీని తిట్టి లాభం లేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు బాగానే దాటుతుంది గానీ నెమ్మది. పైగా బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్కింటివాళ్ల వైఫై, అన్నీ అక్కడే తోసుకుంటుంటాయి. 5 గిగాహెర్ట్జ్ బాగా వేగం, కానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. రౌటర్‌ని ఇంటి మధ్యలోకి, కాస్త ఎత్తులోకి మార్చి చూడు. నేను చూసిన ఇళ్లలో చాలావాటికి అక్కడితోనే రోగం కుదిరింది.

కేబుల్ పెట్టినా పగలు బాగుండి రాత్రిళ్లు మాత్రమే పడిపోతుంటే, నలుగురూ పంచుకునే లైన్ నిండిపోతోందని అర్థం. ఫైబర్‌లో పంపకం ఉండదనుకుంటారు గానీ ఉంటుంది. ఎక్కువగా ఇళ్లకి వేసే జీపాన్ పద్ధతిలో ఎక్స్ఛేంజ్ నుంచి బయల్దేరే ఒక్క పోగు దాదాపు 2.5 గిగాబిట్లు మోస్తుంది. దారిలో స్ప్లిటర్ పెట్టి దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. అందరూ ఒకేసారి గట్టిగా వాడరు కాబట్టి బండి నడిచిపోతుంది. ఇలాంటి జబ్బుకి కంపెనీ మార్చడం మంచి మందే.

రోజంతా ఒకేలా నెమ్మదిగా ఉంటే రాగి తీగని అనుమానించు. ఏడీఎస్ఎల్‌లో, అంటే పాత ఫోన్ తీగ మీదే వచ్చే నెట్‌లో, ఎక్స్ఛేంజ్ నుంచి దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గిపోతుంది. నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉన్న ఇంటికి ఏ కంపెనీ బిల్లు పంపినా ఆ తీగ ఇచ్చేది అంతే. ఇక్కడే జనం దెబ్బతింటారు. చాలాచోట్ల బిల్లు పంపే కంపెనీ ఒకటి, తీగ వేసిన కంపెనీ ఇంకొకటి. పేరు మార్చుకుని, రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టి, మళ్లీ అదే తీగ మీద అదే వేగంతో కూర్చుంటారు. అందుకని కొత్తవాళ్లని నువ్వు మొట్టమొదట అడగాల్సింది ఇది: "మా ఇంట్లోకి వచ్చే తీగ మారుతుందా, ఇప్పుడున్నదేనా?" వాళ్లు నీళ్లు నమిలితే అదే జవాబు.

ఇంకో చిన్న లెక్క. 100 ఎంబీపీఎస్ అని రాసి ఉంటే అవి బిట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైట్. కాబట్టి ఫైల్ దిగేటప్పుడు సెకనుకి 12 మెగాబైట్ల దాకా కనిపిస్తే పూర్తి వేగం వస్తున్నట్టే. ఈ తేడా తెలియక ఫోన్ చేసి తిట్టినవాళ్ల లెక్క నా దగ్గర చాంతాడంత ఉంది.

కంపెనీ ఎంచుకోవడం గురించి నేను పెద్దగా చెప్పను. మీ వరసలోనే, అదే తీగ మీద ఉన్న పక్కింటివాళ్లని "రాత్రిళ్లు ఎలా వస్తోంది, పాడైతే ఎన్ని రోజులకి వస్తారు" అని అడుగు. ప్రకటనలన్నీ కలిపినా ఆ ఒక్క జవాబుకి సాటిరావు. ఇక సేల్స్ మనిషి డౌన్‌లోడ్ వేగం గురించి ఊదరగొడతాడు, అప్‌లోడ్ ఎంతో నువ్వే అడగాలి. నీకున్నవి రోజంతా వీడియో కాల్స్ కదా, నీ మొహం అవతలివాళ్లకి చేరేది అప్‌లోడ్ మీదే. ఆఫర్ ధర ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఇంత డేటా దాటాక వేగం తగ్గించేస్తారా అన్నవి నోటిమాటగా వద్దు. మెయిల్లో రాయించుకో. ఇంటి ముందు కెమెరాని ఆఫీసు నుంచి చూస్తుంటావు కదా, దాని గురించీ అడుగు. కొన్ని కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌ని, అంటే నెట్‌లో మన ఇంటి చిరునామా లాంటిదాన్ని, ఎంతోమందికి పంచుతాయి. అప్పుడు బయట నుంచి నేరుగా కెమెరాలోకి వెళ్లే పద్ధతి పనిచేయదు. కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూసేవాళ్లకి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు అసలైన సంగతి, నంబర్లు.

మీ ల్యాండ్‌లైన్ నంబర్ అక్కయ్యది. అంటే మీ అమ్మది. ఆవిడ స్నేహితురాళ్లందరి డైరీల్లో ఉన్నది అదే. నీకది నెలకో కాల్ వచ్చే పాత డబ్బా కావచ్చు. తీసేయాలా వద్దా అన్నది ఆవిడని అడిగి నిర్ణయించు. ఉంచాలంటే, ల్యాండ్‌లైన్ నంబర్‌కి మీ దగ్గర ఆ వీలుందో లేదో ముందు కనుక్కుని, రద్దు అనే మాట ఎక్కడా ఎత్తకుండా దాన్ని కొత్త కంపెనీకి పోర్ట్ చేయించు, అంటే నంబర్ మారకుండా కంపెనీ మాత్రం మార్పించు. బతికున్న నంబర్‌నే పోర్ట్ చేస్తారు. అర్జీ పెట్టాల్సింది కొత్తవాళ్ల దగ్గర. కొన్నిచోట్ల పాతవాళ్ల నుంచి ఒక కోడ్ తెచ్చివ్వాలి, కొన్నిచోట్ల ఖాతా నంబర్ చెబితే మిగతాది వాళ్లే చూసుకుంటారు. అర్జీ పెట్టే ముందు పాత బిల్లు ఒకటి తీసి దాని మీద ఎవరి పేరుందో చూడు. నాకు తెలిసి అది ఇంకా బావగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి మూడేళ్లయినా ఎవరూ మార్పించలేదు. పేరు, చిరునామా సరిపోలకపోతే పోర్టింగ్ తిప్పికొడతారు. అందుకని ముందు కనెక్షన్‌ని అక్కయ్య పేరు మీదకి మార్పించు. దానికి కాగితాలు అడుగుతారు, రోజులూ పడతాయి. మొత్తం వ్యవహారంలో ముందు మొదలుపెట్టాల్సింది ఇదే, కష్టమైనదీ ఇదే. ఆ కాగితాల కోసం అక్కయ్యని ఒంటరిగా కౌంటర్ దగ్గరికి పంపకు, నువ్వు పక్కనుండు.

ఇంకోటి కూడా ఆవిడకి ముందే చెప్పు. రాగి తీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే, 48 వోల్టుల బ్యాటరీల నుంచి వచ్చేది. అందుకే ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. ఫైబర్ గాజుపోగు, కరెంటు మోయదు. ఇంట్లో కరెంటు పోతే ఫైబర్ వచ్చి తగిలే గోడమీది డబ్బా ఆరిపోతుంది, ఫోన్ కూడా ఆరిపోతుంది. ఆ డబ్బాకీ రౌటర్‌కీ కలిపి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టించు. నువ్వు లేని రాత్రిళ్లు ఆవిడ ఒక్కర్తే ఉండే ఇల్లు అది.

మొబైల్ సంగతి ఇంత చిక్కు కాదు. నంబర్ మారకుండా మొబైల్ కంపెనీ మార్చుకోవడం మొదట 1997లో సింగపూర్‌లో మొదలైంది, ఇప్పుడది చాలా దేశాల్లో మామూలు విషయం. నంబర్ మారే రోజు కొన్ని గంటలు ఫోన్ మూగబోతుంది. బ్యాంకు ఓటీపీలు, ఆఫీసు లాగిన్ కోడ్‌లు అన్నీ దానికే వస్తాయి కదా, అందుకని డబ్బు పంపాల్సిన రోజునో ప్రయాణానికి ముందురోజో పెట్టుకోకు. కాంటాక్టులు కొన్ని పాత సిమ్ మీదే దాగి ఉంటాయి, ముందే ఫోన్‌లోకి మార్చుకో. ఈ-సిమ్ అయితే కొత్తది పనిచేసేదాకా పాతదాన్ని డిలీట్ చేయకు. నీ ఫోన్ పాత కంపెనీకి లాక్ అయి ఉందేమో కూడా చూసుకో. పోర్టింగ్ కోడ్ మాత్రం ఎవరికీ చెప్పకు, "కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ చేసినవాడికి అసలే చెప్పకు. అది చేతికి చిక్కినవాడు నీ నంబర్‌ని తన సిమ్ మీదకి లాక్కుంటే, ఆ తర్వాత ఓటీపీలన్నీ వాడికే. నువ్వు అడగకుండా ఎప్పుడైనా ఫోన్‌లో సిగ్నల్ పోయి గంటైనా రాకపోతే, ఇంకో ఫోన్ నుంచి వెంటనే కంపెనీకీ బ్యాంకుకీ చెప్పు.

కొత్త లైన్ వేసే రోజు ఇంట్లో ఉండు. డబ్బా ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పకపోతే వాళ్లకి తీగ తక్కువ పట్టేచోట పెట్టేసి పోతారు. ఫైబర్‌ని తలుపు మూలన గట్టిగా మడిచి మేకులు కొట్టనివ్వకు, వంపు ఎక్కువైతే వెలుతురు బయటికి జారిపోతుంది. ఊడిన కొనని కంటికి దగ్గరగా పెట్టి చూడొద్దు, లోపల లేజర్ ఉంటుంది, అది కంటికి కనపడదు. డబ్బా మీద ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా మెరిస్తే వెలుతురు అందట్లేదని గుర్తు. అప్పుడు రౌటర్ ఆపుతూ పెడుతూ విసుగెత్తాల్సిన పనిలేదు, నేరుగా ఫిర్యాదు చెయ్యి.

నాకెంతో నచ్చిన చిట్కా ఒకటుంది. కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరే, పాత పాస్‌వర్డే పెట్టించు. టీవీ, కెమెరా, ప్రింటర్, అక్కయ్య ట్యాబ్, అన్నీ వాటంతటవే పట్టుకుంటాయి. లేకపోతే ఆ వారమంతా ఒక్కోదానికీ పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చోవాలి. ఈ పది రోజులూ పాత రౌటర్ వైఫైని ఆపి, కేబుల్ కోసం మాత్రమే ఉంచు. ఒకే పేరుతో రెండు పెట్టెలు వెలుగుతుంటే ఏది దేనికి తగిలిందో నీకే తెలీదు.

అన్నీ కుదిరాక పాతవాళ్లకి ఫోన్ చెయ్యి. వెంటనే "ఆగండి మేడమ్, మీకోసం ప్రత్యేకమైన ఆఫర్" అంటారు. ఇన్నాళ్లూ అదెక్కడ దాచారో అడగాలనిపిస్తుంది, అడుగు కూడా. కానీ మనసు మారకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పి, రద్దు తేదీ మెయిల్లో పంపమను. పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ అడ్రస్ ఏదైనా వాడుతుంటే, బ్యాంకుల్లో అది ముందే మార్చుకో. లైన్‌తోపాటు అదీ పోవచ్చు. ఆఖరి బిల్లు కట్టి, డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా ఆటో డెబిట్ మీద ఓ కన్నేసి ఉంచు, తర్వాత దాన్ని ఆపు.

రౌటర్ తీసుకెళ్లడానికి మనిషి వస్తాడు. అడాప్టర్, కేబుల్స్ కూడా కలిపి ఇవ్వు. ఇచ్చే ముందు పెట్టె అడుగున ఉన్న సీరియల్ నంబర్‌కి ఫొటో తీసుకుని, ఆ నంబర్ వేసిన రసీదు రాయించుకో. ఆర్నెల్ల తర్వాత "మీరు రౌటర్ ఇవ్వలేదు" అని బిల్లు వచ్చినవాళ్లని ముగ్గుర్ని చూశాను.

పేరు మార్పు కాగితాలేం కావాలో ముందు కనుక్కుని నాకు చెప్పు. బావగారి పాత బిల్లులు కొన్ని నా దగ్గరే ఉన్నట్టు గుర్తు, ఈ వారం వెతికి పెడతాను.

మీ మామయ్య