ఉపాసముంటే క్యాన్సర్‌ను ఒళ్లే తినేస్తదా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది నర్సంపేట దగ్గర ఊరు. అమ్మకు 54 ఏండ్లు, రొమ్ము క్యాన్సర్, ఆపరేషన్ అయింది, ఇప్పుడు మూడో కీమో నడుస్తున్నది. మా బావ ఫోన్ల ఏదో వీడియో చూసి, మూడు దినాలు ఉపాసముంటే ఆటోఫజీ జీన్స్ మేల్కొని క్యాన్సర్‌ను తినేస్తయి, ఇంక పాకదు అన్నడు. అమ్మ రెండు రోజుల సంది నిమ్మకాయ నీళ్లే తాగుతున్నది. ఇంకో దగ్గర చూస్తే అవే జీన్స్ ఎక్కువుంటె పేషెంటు ఎక్కువ కాలం బతకరని ఉన్నది. ఏది నమ్మాలె? ఆ టెస్టు వరంగల్‌ల చేస్తరా?

జవాబు: చెల్లె, నీ ఉత్తరం చదివిన దినమే ఫోన్ చేసి అమ్మకు జావ తాపమని చెప్పిన, గుర్తుంది గదా. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే ముచ్చట కాదది. మీ ఇంట్ల లెక్కనే ఇంకా ఎన్ని ఇండ్లల్ల ఇది నడుస్తుందో అని మిగతాది ఇక్కడ రాస్తున్న.

కరువొచ్చినప్పుడు మన పెద్దోళ్లు ఏం చేసిండ్రు, అటక మీది పాత ఇత్తడి బిందెలు, గంగాళాలు అమ్ముకొని ఆ పూట గడిపిండ్రు. కణం చేసేది గదే. తిండి దొరకకపోతే తన లోపలున్న పాడైన సామాను, ముడతపడ్డ ప్రొటీన్లు ఒక సంచిల చుట్టి కరిగించుకొని తింటది, దాన్నే ఆటోఫజీ అంటరు. జపాన్ సైంటిస్టు యోషినోరి ఓసుమి, బ్రెడ్డు పొంగనీకి వేసే ఈస్ట్‌ను పస్తు పెట్టి ఈ పని చేసే 15 జీన్స్‌ను 1993ల బయటపెట్టిండు, దానికే 2016ల నోబెల్ ఇచ్చిండ్రు. మీ బావ చూసిన వీడియోల నోబెల్ మాట నిజమే అయి ఉంటది, కానీ ఆ నోబెల్ క్యాన్సర్ వైద్యానికి ఇచ్చింది కాదు.

అసలు చిక్కు ఏందంటే ఆ కరువు తెలివి క్యాన్సర్ కణానికి కూడా ఉంటది. రోగం పుట్టకముందు ఆటోఫజీ మంచిదే, పాడైన సామాను ఊడ్చేసి కణం దారి తప్పకుండ చూస్తది. ఆటోఫజీని నడిపే బెక్లిన్1 అనే జీన్‌ను రొమ్ము క్యాన్సర్ కణాలల్ల పెంచితే ఎలుకలల్ల గడ్డలు తగ్గినయని 1999ల చూపించిండ్రు. అది 17వ క్రోమోజోమ్ మీద, పాడైతే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బ్రాకా1 అనే జీన్ పక్కనే ఉంటది కాబట్టి, గడ్డలల్ల బ్రాకా1 పోయినప్పుడు పక్కిల్లు కూలినట్టు ఇది కూడా పోతుందేమో, అసలు దోషం దీనిది కాదేమో అని తర్వాత వేరేవాళ్లు వాదించిండ్రు. ఇంక గడ్డ ఒకసారి ముదిరినంక కథ తిరగబడ్తది. గడ్డ నుంచి విడిపోయి రక్తంల పడ్డ కణానికి పట్టుకోనీకి ఆధారం ఉండదు, మామూలు కణమైతే అక్కడనే చచ్చిపోవాలె, కానీ ఆటోఫజీ ఉన్న కణం తన సామానే తినుకుంట ఊపిరితిత్తుల దాకా చేరి అక్కడ ఏండ్ల తరబడి పండుకోగలదు. అట్లని దాన్ని పూర్తిగా బంద్ చేస్తే బాగైతదా అంటే, ఎలుకలల్ల బంద్ చేసి చూస్తే పండుకున్న కణాలు లేచి పెరిగిన సందర్భం కూడా ఉన్నది. అందుకే ఆటోఫజీని మేల్కొలుపుడు మంచిదని ఎవరన్నా గట్టిగ చెప్తే నాకు భయమైతది.

ఎక్కువ కాలం బతకరు అన్న రాతల సంగతి. వందల మంది గడ్డల నుంచి తీసిన జీన్ లెక్కలు కంప్యూటర్ల వేసి, కొన్ని ఆటోఫజీ జీన్స్ ఏరి ఒక స్కోరు కడతరు. ఒక పేపర్ల ఏరిన జీన్స్ ఇంకో దాంట్ల ఉండవు, ఒక క్యాన్సర్‌ల మంచి గుర్తు అయింది ఇంకో దాంట్ల చెడు గుర్తు అయితది. పైగా లెక్క ఎక్కువున్నంత మాత్రాన పని జరుగుతున్నట్టు కాదు. వరంగల్ ఎంజీఎం దవాఖాన చౌరస్తాల ఫొటో తీస్తే నిండ ఆటోలే కనబడ్తయి, అవి పోతున్నయా జామయి నిలబడ్డయా ఫొటో చెప్పదు గదా. ఆటోఫజీ సంచికి అంటుకొని ఉండే ఎల్‌సీ3 అనే ప్రొటీన్ కుప్పపడ్డా అంతే, ఆటోఫజీ జోరుగున్నా పడ్తది, మధ్యల ఆగిపోయినా పడ్తది. ఆ స్కోర్లు పరిశోధనకు పనికొస్తయి, మీ అమ్మ ఒక్కదాని ఆయుష్షు చెప్పవు. రోజువారీ వైద్యంల ఆ టెస్టు వరంగల్‌లనే కాదు హైదరాబాద్‌ల కూడా అడగరు, ఎవరన్నా చేస్తమని పైసలడిగితే ఇయ్యకు. మీ దగ్గరున్న బయాప్సీ రిపోర్టుల ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లకు స్పందిస్తదా అని చెప్పేవి), హెర్2 (గడ్డను పెంచే ఒక ప్రొటీన్) ఏమున్నయి, చంకల గడ్డలెన్నిటికి పాకింది, స్టేజి ఎంత, ఇవి డాక్టర్‌ను అడుగు. మందులు వాటిని బట్టే నిర్ణయిస్తరు.

కీళ్లనొప్పులకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆటోఫజీని ఆపుతదని అది కొనుక్కునేటోళ్లు కూడా ఉన్నరు. క్లోమం క్యాన్సర్ ముదిరిన 112 మంది మీద చేసి 2019ల అచ్చేసిన ట్రయల్‌ల కీమోకు అది కలిపినా ఏడాది బతికినోళ్ల సంఖ్య పెరగలే. సొంతంగ వాడొద్దు.

కీమోల ఉన్న మనిషి పస్తుంటే ముందు కరిగేది కండ, గడ్డ కాదు. బరువు తగ్గి నీరసపడితే డోసు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా పడొచ్చు. బాగ ఉడికిన పప్పు, గుడ్డు, పాలు, జొన్న గటక, ఏది నోటికి సయిస్తే అది రెండు గంటలకోసారి కొద్దికొద్దిగ పెట్టు. నోరు పూసి కారం పడకపోతే చారు బువ్వ మెత్తగ పిసికి పెట్టు. జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే దవాఖానకు తీసుకపో. వారానికోసారి అమ్మ బరువు తూచి నోట్‌బుక్కుల రాసుకో, నాలుగో కీమోకు పోయినప్పుడు ఆ పేజీ డాక్టర్‌కు చూపించు, ఈ రెండు రోజులు ఏమీ తినలేదన్న ముచ్చట కూడా దాచకుండ చెప్పు.