లైనక్స్ వేస్తే వైఫై పోయింది.. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. 2015లో కొన్న ల్యాప్‌టాప్ వాడుతోంది. అందులో ఐదో తరం ఐ3, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయని, విండోస్ 11 ఇందులో ఎక్కదని సీనియర్లు చెబితే విండోస్ పక్కనే ఉబుంటు అనే లైనక్స్ వేసుకుంది. విండోస్‌లో వైఫై బాగానే వస్తోంది, ఉబుంటులో అసలు రావడం లేదు. రిపేర్ షాపులో చూపిస్తే వైఫై కార్డు పోయిందన్నారు. ఉబుంటు తీసేయమంటే అమ్మాయి ఒప్పుకోవడం లేదు, రాత్రిళ్లు దాని ముందే కూర్చుంటోంది. చదువు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇది కెరీర్‌కు ఏమైనా పనికొస్తుందా? కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? తను తీసిన స్క్రీన్ ఫోటో పంపుతున్నాను.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: కార్డు పోలేదండీ. పోయిన కార్డు విండోస్‌లో పనిచేసి ఉబుంటులో మొరాయించదు. కాబట్టి ఇప్పటికిప్పుడు కొత్త ల్యాప్‌టాప్ కొనొద్దు, అమ్మాయి వేసుకున్నది తీసేయించొద్దు. ఎందుకో చెబుతాను.

అసలు విషయం మీరు పంపిన ఫోటోలోనే ఉంది. ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండ్‌కు ‘-nnk’ చేర్చి కొడితే ల్యాప్‌టాప్ లోపలి చిప్‌లన్నీ వరసగా వస్తాయి. ఏ చిప్‌ను ఏ డ్రైవర్ (ఆ చిప్‌తో పని చేయించే ప్రోగ్రామ్) నడుపుతోందో దాని కిందే ఉంటుంది. గ్రాఫిక్స్ కింద ఐ915 అని ఉంది. అది ఇంటెల్ డ్రైవర్, సరిగ్గా ఉంది. సౌండ్ కింద కూడా ఇంటెల్ డ్రైవర్ పేరే ఉంది. నెట్‌వర్క్ కంట్రోలర్ దగ్గర మాత్రం చిప్ పేరు బ్రాడ్‌కామ్ బీసీఎం43142, దాని కింద బీసీఎంఏ బ్రిడ్జి అని ఉంది. ఆ బ్రిడ్జి చిప్‌ను గుర్తిస్తుందే తప్ప వైఫైని నడపదు. నడిపే డ్రైవర్ పేరు డబ్ల్యూఎల్. ఆ రెండక్షరాలు అక్కడ కనిపించే దాకా వైఫై రాదు.

విండోస్‌లో లేని ఈ ఇబ్బంది ఇక్కడెందుకు? విండోస్ ల్యాప్‌టాప్ అమ్మే కంపెనీ డ్రైవర్లన్నీ తానే సమకూర్చి ఇస్తుంది. లైనక్స్‌లో చాలావరకు డ్రైవర్లు కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రధాన ప్రోగ్రామ్‌లోనే, కలిసి వస్తాయి. వాటిని చిప్ కంపెనీల ఇంజినీర్లో, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లో రాసి అందులో చేర్చారు. ఇంటెల్ తన గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లను ఇలాగే ఇస్తుంది కాబట్టి అవి వేసిన వెంటనే పనిచేస్తాయి. ఏఎండీ గ్రాఫిక్స్ కూడా అంతే. ఎన్‌విడియా డ్రైవర్ చాలాకాలం మూసిపెట్టిన కోడ్‌గానే వచ్చింది, 2022లో కొత్త తరం కార్డులకు కెర్నల్ భాగం వరకు సోర్స్ బయటపెట్టారు. మీ ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్‌కు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ కెర్నల్‌లో భాగం కాదు, విడిగా వేసుకోవాలి.

చిక్కల్లా ఆ డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ డ్రైవర్ కావాలి. అమ్మాయి ఆగిపోయింది బహుశా ఇక్కడే. ఇది ఫోన్‌తో తీరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయమనండి. ఉబుంటు దాన్ని మామూలు వైరు కనెక్షన్‌లా తీసుకుంటుంది, దీనికి వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కొన్ని ఉంటాయి, వాటితో ఇది కుదరదు. నెట్ వచ్చాక ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిస్తే బ్రాడ్‌కామ్ డ్రైవర్ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని అప్లై చేయాలి.

ఆ తర్వాత మెట్టు దగ్గర చాలామంది పిల్లలు దెబ్బతింటారు. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ‘సెక్యూర్ బూట్’ అనే రక్షణ ఆన్‌లో ఉంటే ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు స్క్రీన్ వచ్చి, ఏదో ఒక కీ నొక్కమంటుంది. పది సెకన్లలో నొక్కకపోతే అది మాయమై సిస్టమ్ మామూలుగా తెరుచుకుంటుంది, డ్రైవర్ మాత్రం లోడ్ కాదు. ఆ స్క్రీన్‌లో ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టి, రీబూట్ చేయాలి. ఆ స్క్రీన్ చూసి వైరస్ అనుకుని భయపడేవాళ్లూ ఉన్నారు. ఫలానా డ్రైవర్‌ను నమ్మొచ్చని మదర్‌బోర్డుకు మనమే చెప్పడం తప్ప అందులో ఇంకేమీ లేదు. కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఈ డ్రైవర్ ఒక్కోసారి మళ్లీ మొండికేయొచ్చు. అలాంటప్పుడు పాత కెర్నల్‌తో బూట్ అయితే పని ఆగదు.

ఇక కెరీర్ సంగతి. ఈసీఈ విద్యార్థికి లైనక్స్ కాలక్షేపం కాదు. వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) వైపు వెళ్తే కేడెన్స్, సినాప్సిస్ కంపెనీల టూల్స్ నడిచేది ప్రధానంగా లైనక్స్ మీదే. ఎంబెడెడ్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) వైపు వెళ్తే చాలా పని లైనక్స్ మీదే, ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నదీ లైనక్స్ కెర్నలే. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలకు పెద్ద సెంటర్లు ఉన్నాయి. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి రాగానే దాని మీద కెర్నల్‌ను లేపడం, డ్రైవర్లు రాయడం, పనిచేయని చోట ఎందుకు పనిచేయలేదో పట్టుకోవడం అలాంటి చోట్ల కొందరి రోజువారీ ఉద్యోగం. ఫోటోలో చిప్ పేరు పక్కన బ్రాకెట్లో రెండు కోడ్‌లు ఉన్నాయి చూడండి. మొదటిది కంపెనీది, రెండోది ఆ చిప్‌ది. ప్రతి డ్రైవర్‌లో అలాంటి కోడ్‌ల పట్టిక ఉంటుంది. చిప్ కోడ్ ఆ పట్టికలో దొరికితే కెర్నల్ ఆ డ్రైవర్‌లోని ప్రోబ్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. డ్రైవర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో దీన్ని వివరించమని అడుగుతారు. చాలామంది బట్టీపట్టి వెళ్లి చెప్పే విషయం మీ అమ్మాయి కళ్లముందే జరిగింది. రాత్రిళ్లు దాని ముందు కూర్చోవడాన్ని నేను చదువు పాడవడంగా చూడను.

అయితే ఇవి ఫ్రెషర్లకు వందల్లో దొరికే ఉద్యోగాలు కావు. సాధారణ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో పోలిస్తే తక్కువ, సీ భాషలో పట్టు లేనివాళ్లను మొదటి రౌండ్లోనే పక్కన పెడతారు.

అందుకే అమ్మాయికి నేరుగా రెండు మాటలు. చూడమ్మా, వైఫై వచ్చాక అక్కడితో ఆపేయకు. సీలో పాయింటర్లు, స్ట్రక్చర్లు తడుముకోకుండా రాసేలా చూసుకో. కెర్నల్ డెవలప్‌మెంట్ మీద లైనక్స్ ఫౌండేషన్ ఉచితంగా ఇచ్చే బిగినర్స్ కోర్సు ఉంది, సెలవుల్లో పూర్తిచెయ్యి. చిన్న క్యారెక్టర్ డ్రైవర్ ఒకటి నువ్వే రాయి. దాన్ని వర్చువల్ మెషీన్‌లోనే (ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడి కంప్యూటర్‌లో) పరీక్షించు, కెర్నల్ క్రాష్ అయినా నీ రికార్డులు, నోట్స్ క్షేమంగా ఉంటాయి. ఆ తర్వాత ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటార్‌షిప్, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేస్తూ నేర్చుకునే కార్యక్రమాలకు అప్లై చేయొచ్చు. ఎంపికైతే స్టైపెండ్ కూడా ఇస్తారు. మీ కాలేజీలో ‘గ్లగ్’ (గ్నూ/లైనక్స్ యూజర్స్ గ్రూప్) పేరుతో విద్యార్థి బృందం ఉందేమో కనుక్కో. తెలుగులో లైనక్స్ కోసం పనిచేసిన స్వేచ్ఛ సంస్థ ఇలాంటి బృందాలను చాలా కాలేజీల్లో ప్రోత్సహించింది. మిడ్స్, సెమిస్టర్ పరీక్షల వారంలో మాత్రం ఏ అప్‌డేటూ చేయకు, ఏ డ్రైవరూ మార్చకు.

విండోస్‌ను కూడా ఉండనివ్వండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి బ్యాంకు పనులు అందులో చేయొద్దు. కానీ ప్లేస్‌మెంట్ల ఆన్‌లైన్ పరీక్షల్లో కెమెరాతో నిఘా పెట్టే బ్రౌజర్లు కొన్ని లైనక్స్‌లో నడవవు. పరీక్ష మొదలయ్యే ముందు ఆ సంగతి తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. ప్రింట్లకైతే ఇబ్బంది లేదు, ఫైల్‌ను పీడీఎఫ్ చేసి జిరాక్స్ షాపులో తీయించుకుంటే సరిపోతుంది.

డబ్బు పెట్టాలనుకుంటే ముందు ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా చాలా వేగంగా నడిచే డిస్క్) వేయించండి. 2015 నాటి మెషీన్‌లో పాత హార్డ్‌డిస్క్ ఉంటే నత్తనడకకు సగం కారణం అదే. డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి, ఆ చోట క్యాడీలో (డిస్క్‌ను అమర్చే ఫ్రేమ్‌లో) పాత డిస్క్‌ను విండోస్‌తో సహా అలాగే పెట్టించొచ్చు. కొత్త ఎస్‌ఎస్‌డీలో ఉబుంటు ఉంటుంది.

కొత్త ల్యాప్‌టాప్ మూడో ఏడాదిలో ఆలోచించండి. అప్పుడు వైఫై ఇంటెల్‌దేనా అని అడగండి. గేమ్స్, ఏఐ పనులు లేకపోతే ఎన్‌విడియా కార్డు జోలికి వెళ్లొద్దు. నిన్నగాక మొన్న విడుదలైన మోడల్ కన్నా కొన్ని నెలల కిందటిదే మేలు, దాని డ్రైవర్లు కెర్నల్‌లోకి చేరేందుకు సమయం దొరికి ఉంటుంది. ఉబుంటు సర్టిఫై చేసిన మోడళ్ల జాబితా ఆన్‌లైన్‌లో ఉంది. షాపువాళ్లు ఒప్పుకుంటే అమ్మాయి ఉబుంటు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, ఇన్‌స్టాల్ చేయకుండానే డెమో పీస్‌ను దాంతో తెరిచి చూడొచ్చు. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ చూశాక మూత ఒకసారి వేసి తీయమనండి. నిద్రలోకి వెళ్లి లేవని ల్యాప్‌టాప్‌లు ఉంటాయి, చాలామంది అది ఇంటికెళ్లాకే చూసుకుంటారు.

కొన్నాక సెక్యూర్ బూట్ సెట్టింగ్ ముట్టుకునే ముందు, విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకు వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో మీ దగ్గర పెట్టుకోండి. సెట్టింగ్ మారాక విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడు అది లేకపోతే విండోస్ వైపు ఫైళ్లు దక్కకపోవచ్చు.