నానా అని రాసే ముందు

మాంబళం, చెన్నై

చిరంజీవి సౌమ్యకు అత్త ఆశీస్సులు.

నువ్వు ఆర్మీ లా బ్రాంచికి, అదే జాగ్‌కి, అప్లై చేశావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సగం గర్వం, సగం దిగులు. నాదీ అదే పరిస్థితి. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, ఆ తర్వాత నిన్ను పది నిమిషాలు తిట్టుకున్నాను. హైకోర్టులో హాయిగా ప్రాక్టీసు చేసుకోక ఇదేం పట్టుదలే పిల్లా!

క్లాట్ పీజీ లా ఎంట్రన్సు స్కోరు కార్డు, మార్కుల లిస్టులు జిరాక్సులు తీసి పెట్టుకో. ఎస్ఎస్‌బి సెలక్షన్ పరీక్షల ఐదు రోజులూ రాత్రిళ్లు నిద్రపో. కొత్త బూట్లతో మాత్రం వెళ్లకు, మడమలు ఒరుసుకుపోతాయి. మిగతాదంతా నీకే బాగా తెలుసు.

మా రోజుల్లో ఆ దారే లేదు. 1992లో ఇక్కడి పరంగిమలైలో ఆర్మీ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే అకాడమీకి మొదటిసారి ఆడపిల్లలు వచ్చారు, పాతికమంది. వాళ్లలో మొదటి నంబరు ప్రియా ఝింగన్‌ది. ఆమె లా చదివిన పిల్ల, తర్వాత జాగ్‌లోనే పనిచేసింది. నాకప్పటికి నలభై దాటింది. పేపర్లో ఫొటో చూసి కాస్త కుళ్లుకున్నాను, అబద్ధమెందుకు. జాగ్‌లో ఆడవాళ్లకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం, 2008లో గానీ రాలేదు. మగవాళ్లకు ఆరు, ఆడవాళ్లకు మూడు అని పోస్టులు పంచిన లెక్కను సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో కొట్టేసింది. నీ సీటు కోసం ఎవరెవరో కోర్టుల చుట్టూ తిరిగారని గుర్తుంచుకో. గుర్తుంచుకుని గొప్పలు మాత్రం పోకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1988లో నేను ఇక్కడే ఒక రక్షణ శాఖ ఆఫీసులో సివిలియన్ లా ఆఫీసర్ని. మొత్తం సెక్షన్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. "లేడీస్‌కి ఫైలిస్తే కన్నీళ్లతో తడిపి పంపుతారు" అని మా పైఆఫీసరు నవ్వుతూ అనేవాడు. ఆ మాట నా ఒంట్లో ముల్లులా ఉండిపోయింది.

ఒక సిపాయి పెన్షన్ అప్పీలు నా టేబుల్ మీదికి వచ్చింది. నెల్లూరు వైపు మనిషి. మూర్ఛ వస్తోందని సర్వీసు మధ్యలో ఇంటికి పంపేశారు. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని మెడికల్ బోర్డు రాసింది. ఆ ఇంగ్లీషు ముక్కల మొదటి అక్షరాలు కలిపి ఫైళ్లలో 'నానా' అంటారు. ఆ ముద్ర పడితే సిపాయి నానా అవస్థలు పడాల్సిందే, డిసెబిలిటీ పెన్షన్ రాదు.

అతని భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఎరువుల కంపెనీ సంచి, దాన్నిండా కాగితాలు. "మీరు మనోళ్లేనంట గదమ్మా" అంది. పక్క టేబుల్ ఆయన తల ఎత్తి చూశాడు. నేను తెలుగు రానిదానిలా మొహం పెట్టి, పిటిషన్ తపాలు సెక్షన్లో ఇమ్మని ఇంగ్లీషులో చెప్పాను. మా ప్యూను, తమిళాయన, వచ్చీరాని తెలుగులో ఆ ముక్క ఆమెకు చెప్పాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి, సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే 'జోక్యం అవసరం లేదు' అని ఒపీనియన్ రాసి సంతకం చేశాను. చేర్చుకున్నప్పటి వైద్య పరీక్ష కాగితం ఫైల్లోనే, ఫ్లాగ్ 'సి' అని గుర్తు చీటీ అంటించిన చోట ఉంది. తిప్పి చూడలేదు. చేరినప్పుడు ఆ జబ్బు రాసి లేకపోతే సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలని, రుజువు భారం సిపాయి మీద పెట్టకూడదని 1982 పెన్షన్ రూల్స్‌లో అప్పటికే ఉంది. "శభాష్, మగాడిలా రాశావ్" అన్నాడు ఆఫీసరు. ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను కూడా. అదీ సిగ్గుపడాల్సింది.

2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ రూల్సే ఎత్తి చూపి సిపాయికి పెన్షన్ ఇప్పించింది. అతనిదీ మూర్ఛ జబ్బే. రిటైరై ఇంట్లో కూర్చుని ఆ తీర్పు చదివాను. జ్ఞాపకమున్న ఊరిపేరుతో ఆమెకు ఉత్తరం రాశాను. 'విలాసదారు లేరు' అని తిరిగొచ్చింది.

అందుకే ట్రైనింగులో నీ పరుగు గురించి నాకు బెంగ లేదు, నీ సంతకం గురించే. జనరల్ కోర్ట్ మార్షల్‌లో అంటే సైన్యం పెద్ద కోర్టులో, జడ్జి అడ్వకేట్‌గా మీ జాగ్ ఆఫీసరు కూర్చుని తీరాలి. ఓటు ఉండదు, కానీ చట్టం ఏమంటుందో చెప్పేది నువ్వే. నీ ఒపీనియన్ కింద పెద్దవాళ్లు చదవకుండా సంతకాలు పెట్టే రోజులు వస్తాయి. మొన్న ఫోన్లో నువ్వు 'ఎస్ మేడమ్, నో మేడమ్' అని ప్రాక్టీసు చేస్తుంటే అందరూ నవ్వారు. నాకు గుండె జారింది. గట్టిగా కనపడాలని నీకూ సరదా పుడుతుందే తల్లీ. ఫ్లాగులన్నీ తిప్పు. మన యాసలో ఎవరైనా పలకరిస్తే పలుకు.

ఎక్కువ తిట్టానా? సరేలే. సెలక్టయితే 49 వారాలు ఈ ఊళ్లోనే ఉంటావు. పరంగిమలై మాకు మూడో స్టేషను. నాకు మోకాళ్లతో మెట్లు దిగడం కష్టం, బయటికి వదిలిన ఆదివారం నువ్వే రావాలి. పప్పుచారు పెడతాను, అప్పడాలు నువ్వే వేయించుకో. ఆ తిరిగొచ్చిన కవరు బీరువాలో ఉంది, చూపిస్తాను.

మీ అత్త