పీసీ ఆగుతుంది, కార్డు బాకీ ఆగదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఉప్పల్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దెకుంటున్నాను. చేతికి రూ.46,000 వస్తాయి. అద్దె వాటా 9,500, జగిత్యాలలో అమ్మానాన్నలకు 10,000, తిండి, ప్రయాణాలు 11,000, కరెంటు, ఇంటర్నెట్, ఫోన్ 2,000, గేములూ సబ్‌స్క్రిప్షన్లూ 2,600. లక్షన్నర లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుపై 38,000 బాకీ ఉంది, నెలకు మినిమమ్ డ్యూ (కట్టి తీరాల్సిన కనీస మొత్తం) 1,900 కడుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో 22,000 ఉన్నాయి. ఇప్పుడు లాప్‌టాప్ వాడుతున్నాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గేమింగ్ పీసీకి కొటేషన్ తీసుకున్నాను, దాన్ని జతచేస్తున్నాను. యూపీఐ అయితే 1,02,500, కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ అయితే 1,08,000. నెలకు 9,000 మిగులుతోంది కాబట్టి సరిపోతుందనుకుంటున్నాను. జీటీఏ 6 గేమ్ వచ్చేలోపు కొనాలని ఉంది. తర్వాత నా ఆటను యూట్యూబ్‌లో స్ట్రీమింగ్ చేస్తే కొంత వెనక్కి వస్తుంది కదా. తీసుకోవచ్చా?

జవాబు: మీ లెక్క సరిగ్గా కుదిరింది, చిక్కంతా అక్కడే ఉంది. ఖర్చులన్నీ పోగా 9,000 మిగులు, ఈఎంఐ కూడా 9,000. అంటే ఏడాది పొడవునా పంటి నొప్పి రాకూడదు, ఊళ్లో పెళ్లి ఉండకూడదు, ఫోన్ కింద పడకూడదు. పైగా నెలకు తొమ్మిది వేలు నిజంగానే మిగులుతుంటే ఖాతాలో 22,000 మాత్రమే ఎందుకున్నాయి, కార్డుకు మినిమమ్ ఎందుకు కడుతున్నారు? గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, జీతం పడే ముందు రోజు బ్యాలెన్స్ ఎంత ఉందో, నెలనెలా ఎంత పెరిగిందో చూడండి. కాగితం మీద వేసిన లెక్క ఎలా ఉన్నా, మీ అసలు మిగులు అదే.

పీసీని కాసేపు పక్కన పెట్టి 38,000 సంగతి చూద్దాం. చాలా కార్డులపై వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. 3.6 అనుకుంటే నెల వడ్డీ 1,368, దాని మీద 18 శాతం జీఎస్టీ 246, వెరసి 1,614. మీరు కట్టే 1,900లో అసలుకు చేరేది 286 రూపాయలే. ఇలాగే ఏడాదంతా బిల్లులో చూపిన మినిమమ్ మాత్రమే కడితే మీ జేబులోంచి 22,000 దాకా పోతాయి, బాకీ మాత్రం 34,500 పైనే ఉంటుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. బిల్లు కట్టాల్సిన ఆఖరి తేదీ దాకా ఉండే వడ్డీలేని గడువు మీకు వర్తించదు.

ఇప్పుడు ఇదే కార్డుపై పీసీ ఈఎంఐ పెడితే? ఈఎంఐ వాయిదా మొత్తం మినిమమ్ డ్యూలో కలిసిపోతుంది. 1,900 కట్టే చోట 10,900 కట్టాలి. ఏదో ఒక నెల అంత కట్టలేక 5,000 కట్టి ఊరుకుంటే అది ఆలస్య చెల్లింపు కిందే లెక్క. ఆలస్య రుసుము పడుతుంది, క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. ఈఎంఐలో మిగిలిన అసలు కూడా లిమిట్‌లోంచే పోతుంది కాబట్టి, ఇప్పుడు 25 శాతం ఉన్న మీ కార్డు వాడకం ఒక్కరోజులో 90 దాటుతుంది. రేపు బండికో ఇంటికో లోన్ అడిగినప్పుడు బ్యాంకువాళ్లు చూసేది ఇదే.

ఇక ఆ 'నో-కాస్ట్' మాట. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది, అంత మొత్తాన్ని షాపు ముందే డిస్కౌంట్‌గా చూపిస్తుంది. బ్యాంకు వడ్డీ 16 శాతం అనుకుంటే మీ 1,08,000లో అసలు 99,195, వడ్డీ 8,805. ఈ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 1,585 మాత్రం మీ నెత్తినే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో 235. వీటికి యూపీఐ ధరకూ ఈఎంఐ ధరకూ ఉన్న తేడా 5,500 కలపండి. మొత్తం 7,320. నో-కాస్ట్ అన్నదానికి మీరు కడుతున్నది ఏడాదికి దాదాపు 13 శాతం వడ్డీ. పర్సనల్ లోన్‌కు పెద్ద తేడా లేదు. మధ్యలో మూసేద్దామంటే చాలా బ్యాంకులు మిగిలిన అసలుపై ఫోర్‌క్లోజర్ ఫీజు, దానిపై జీఎస్టీ వసూలు చేస్తాయి.

జీటీఏ 6 కోసం తొందరపడుతున్నారు గానీ, ఆ ఆటను రాక్‌స్టార్ ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ కన్సోళ్లకు. పీసీకి తేదీ ఇవ్వలేదు. ఈ కంపెనీ అలవాటు కొత్తదేమీ కాదు. జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే 2018 అక్టోబరు, 2019 నవంబరు. ఆ ఆట కోసమని ఇప్పుడే పీసీ కొంటే, అది పీసీకి వచ్చేసరికి మీ గ్రాఫిక్స్ కార్డు పాతబడుతుంది, వారంటీలో కొంత కరిగిపోతుంది.

నా సలహా ఇది. 22,000లోంచి 14,000 ఈ వారమే కార్డుకు కట్టండి. 8,000 అత్యవసరానికి ఉంచుకోండి. మిగిలిన 24,000 బాకీకి నెలకు 12,600 కట్టండి. మీరు మిగులుతోందన్న 9,000, ఇప్పుడు కడుతున్న 1,900, గేముల ఖర్చులో తగ్గించే 1,700 కలిపితే అంతే అవుతుంది. రెండు నెలలయ్యేసరికి 350 రూపాయల చిల్లర మిగులుతుంది, మూడో నెల దాన్ని తుడిచేయండి. ఆ తర్వాతి స్టేట్‌మెంట్‌లో కూడా కొంచెం వడ్డీ కనిపిస్తే కంగారుపడకండి. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా ఉన్న వడ్డీ అది. బాకీ తీరిపోయిందనుకుని దాన్ని వదిలేస్తే మళ్లీ ఆలస్య రుసుములు మొదలవుతాయి. ఈ రెండు నెలలూ ఆ కార్డును పర్సులో పెట్టుకోవద్దు. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు వివరాలు కూడా తీసేయండి.

మూడో నెల నుంచి ఆ 12,600ను రెండు భాగాలు చేయండి. జీతం పడిన మర్నాడే 7,000 ఏడాది రికరింగ్ డిపాజిట్‌లోకి, 5,600 విడిగా అత్యవసర నిధికి వెళ్లాలి. ఆర్‌డీకి 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి దాదాపు 87,000 చేతికొస్తాయి. అత్యవసర నిధి 75,000 దాటుతుంది. ఇంటికి పంపే పదివేలతో కలిపి మీకు తప్పని ఖర్చు నెలకు 32,500, అంటే రెండు నెలల పైన ఊపిరి పీల్చుకోవచ్చు. దీన్ని మూడు నెలలకు చేర్చడం తర్వాతి పని. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడ్డారు కాబట్టి టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు, 27 ఏళ్లకు ప్రీమియం కూడా తక్కువే.

పద్నాలుగు నెలలు ఆగాలా అంటారేమో. ఆగేలోపు ఆ కొటేషన్‌ను కాస్త కోద్దాం. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ వరకు బాగానే ఉంది. కానీ లిక్విడ్ కూలర్‌కు 7,200 ఎందుకు? 7600 ప్రాసెసర్ డబ్బాలోనే కూలర్ వస్తుంది, 65 వాట్ల చిప్‌కు అది చాలు. 5060 కార్డు తినేది 145 వాట్లు, దాని తయారీ సంస్థ ఎన్విడియా సిఫార్సు చేసేది 550 వాట్ల పవర్ సప్లై. మీ కొటేషన్‌లో 850 ఉంది. మంచి కంపెనీ 650 వాట్ల బ్రాంజ్ సప్లై తీసుకుంటే 3,500 దాకా తగ్గుతుంది. సప్లైలో వాట్లు తగ్గించుకోవచ్చు గానీ నాణ్యత తగ్గించుకోకండి. ఊరూపేరూ లేని పవర్ సప్లై పోతే పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది. రంగురంగుల ఫ్యాన్ల క్యాబినెట్ బదులు గాలి బాగా ఆడే మామూలు మెష్ క్యాబినెట్ తీసుకుంటే 4,000 మిగులు. 27 అంగుళాల 1440పీ మానిటర్ 21,000 వేశారు. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డుకు 24 అంగుళాల 1080పీ సరైన జోడీ, సగం ధరలో వస్తుంది. ఇవన్నీ కలిపితే 25,000 దిగి, 77,000 దగ్గర తేలుతుంది. ఆర్‌డీలో మిగిలే పదివేలు యూపీఎస్‌కు, ధరల పెరుగుదలకు.

ధరలు పెరుగుతాయా అంటే, ర్యామ్ విషయంలో ఆ భయం నిజమే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు భగ్గుమన్నాయి. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ బ్రాండు వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. అవసరమైతే మొదట 16 జీబీ స్టిక్ ఒకటే వేయించుకుని, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి. కొంత వేగం తగ్గుతుంది, తర్వాత అలాంటిదే మరొకటి జోడించవచ్చు. అంతేగానీ నెలకో పార్టు కొని అటక మీద దాచే పని మాత్రం చేయొద్దు. ప్రాసెసర్ ఇవాళ, బోర్డు మూడు నెలలకు అంటే, మొదట కొన్నది పనిచేస్తుందో లేదో తెలిసేసరికి మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది. వారంటీ మాత్రం కొన్న రోజు నుంచే కరుగుతుంటుంది. ముందుగా కొనదగ్గవి మానిటర్, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ మాత్రమే. వాటిని లాప్‌టాప్‌కు తగిలించి పరీక్షించుకోవచ్చు, వాడుకోనూవచ్చు.

బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామంటారు. జీఎస్టీ 18 శాతం కళ్ల ముందు మిగులుతున్నట్టే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు పోయిన రోజున సర్వీస్ సెంటర్ అడిగేది ఆ బిల్లునే. ప్రతి పార్టు సీరియల్ నంబరు బిల్లులో ఉండాలి. డబ్బా మీద నంబరు, కార్డు మీద నంబరు ఒకటేనా అని కౌంటర్ దగ్గరే సరిచూసి ఫొటో తీసుకోండి. సెకండ్ హ్యాండ్ వైపు చూస్తే ఇంకో మెలిక. ఏడో తరం, అంతకుముందు ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ గేమ్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండి తీరాలి.

కొటేషన్‌లో కనిపించని ఖర్చు కరెంటు. ఈ పీసీ, మానిటర్ కలిపి ఆట నడిచేటప్పుడు 300 వాట్లు లాగుతాయనుకుందాం. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు 36 యూనిట్లు. ఇంతేగా అనిపిస్తుంది. మీ ఫ్లాట్ వాడకం ఇప్పుడు 175 యూనిట్లు అనుకోండి. తెలంగాణ స్లాబుల్లో 200 లోపు అయితే మొదటి వందకు 3.40, తర్వాత 4.80 చొప్పున ఎనర్జీ చార్జీ 700 అవుతుంది. 211కు చేరితే స్లాబు మారి మొదటి రెండు వందలకే 5.10, ఆపైన 7.70 పడి 1,105 అవుతుంది. 36 యూనిట్లకు 405 రూపాయలు, యూనిట్ పదకొండు పైనే. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే 200 దాటిన నెల బిల్లంతా కట్టాలి. ఎవరి పీసీ వల్ల దాటిందో రూమ్మేట్లకు చెప్పక్కర్లేదు, ఆ తేడా నేనే భరిస్తానని ముందే మాట్లాడుకోండి. యూపీఎస్ కూడా చూసి కొనాలి. చవకగా దొరికే 600 వీఏ వాటిలో చాలావరకు ఇచ్చేది 360 వాట్లే, ఆట మధ్యలో కరెంటు పోతే బీప్‌మని ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒక కేవీఏ (1,000 వీఏ) తీసుకోండి.

2,600లో 1,700 ఎలా తగ్గించాలంటే, ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే పేజీ తెరవండి. ఏడాది క్రితం ఫ్రీ ట్రయల్‌కని ఒప్పుకున్నవి అక్కడ తీరిగ్గా కూర్చుని ఉంటాయి. డబ్బు కోతకు 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధనే, మనం చదవకుండా తోసేస్తాం. ప్లే స్టోర్‌లో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి నెల బడ్జెట్ పెట్టుకోండి. అది హెచ్చరిస్తుంది అంతే, ఆపదు. అందుకే బీజీఎంఐ గేమ్‌లో కొనే యూసీల్లాంటి (ఆటలో చెల్లే డబ్బు) వాటికి గిఫ్ట్ కార్డు రూపంలో నెలకు ఒక్కసారే డబ్బు వేసుకుని, కార్డును ఖాతా నుంచి తీసేయండి. కొత్త ఆటలకు తొందరేం లేదు. పీసీ గేములు అమ్మే ఎపిక్ స్టోర్ ప్రతి గురువారం ఏదో ఒకటి ఉచితంగా ఇస్తుంది, అలాంటిదే అయిన స్టీమ్‌లో వేసవి, శీతాకాలం సేల్స్ తప్పకుండా వస్తాయి. స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. మొదటి గంటన్నరలోనే తేల్చుకోండి.

చివరిగా స్ట్రీమింగ్. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూలు కావాలి. ఆ గీత దాటినా మొదట్లో వచ్చేది ఇంటర్నెట్ బిల్లుకు సరిపోతే గొప్ప. ఈఎంఐ లెక్కలో దాన్ని సున్నా అనుకోండి. స్ట్రీమింగ్ చేయాలని ఉంటే ఇప్పుడున్న లాప్‌టాప్‌తోనే వారానికి మూడు రోజులు, ఆరు నెలలు చేసి చూడండి. అప్పటికీ ఆసక్తి ఉంటే కొత్త పీసీకి అర్థముంది. వచ్చిన ప్రతి రూపాయినీ ఐటీ రిటర్నులో చూపించాలి. చానల్ కాస్త పెరగగానే డబ్బు పెట్టి ఆడే రమ్మీ, బెట్టింగ్ యాప్‌లవాళ్లు ప్రమోషన్ కోసం తలుపు తడతారు. ఇటువంటి ఆటల ప్రకటనలకు 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టింది. ఎంతిస్తామన్నా ఆ మెయిల్‌కు జవాబివ్వకండి.