నొప్పి తగ్గినా చెవి వెనక చూడటం మానకండి

గుణుపురం నుంచి అడిగారు కదా, నాలుగేళ్ల బాబుకి చెవిలోంచి చీము వచ్చి నొప్పి తగ్గిపోయింది, ఇంకా భయపడాలా, ఏం గమనించాలి అని. నొప్పి పోయిందని మాత్రం వదిలేయకండి. కర్ణభేరికి చిల్లు పడి చీము బయటికొస్తే లోపల ఒత్తిడి తగ్గి నొప్పి పోతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపలే ఉండిపోవచ్చు.

మాది రాయగడ. మా పాపకి ఐదేళ్లప్పుడు ఇలాగే జరిగింది. జ్వరం దిగిందని మూడో రోజుకే సిరప్ ఆపేశాను, అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేస్తే నేనూ వద్దనలేదు. వారం తర్వాత బడికి పంపుతూ రెండు జడలు వేస్తుంటే ఎడమ చెవి ముందుకి వంగి, కుడిదానికంటే కాస్త కిందికి దిగినట్టు కనిపించింది, వెనక దువ్వెన తగలగానే కెవ్వుమంది. చూస్తే ఎర్రగా ఉబ్బి ఉంది. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైల్లో విశాఖ తీసుకెళ్లాం. ఇన్ఫెక్షన్ చెవి వెనక ఎముకకి పాకింది, మాస్టాయిడైటిస్ అన్నారు. స్కాన్, చిన్న ఆపరేషన్, తొమ్మిది రోజులు ఇంజెక్షన్లు. చీము ఎప్పుడు మొదలైంది, మందు ఎన్ని రోజులు పట్టారు అని డాక్టర్ అడిగితే నేనొకటి చెప్పాను, మా ఆయన ఇంకొకటి చెప్పారు. ఆ రోజు చాలా ఏడ్చాను.

అప్పటి నుంచి గోడ మీద ఒడియా క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాస్తున్నాను: జ్వరం ఎంత, చీము వచ్చిందా, వాసన ఉందా, మందు పడిందా. రోజూ ఒకే వెలుతురులో రెండు చెవుల వెనకా ఫోటో తీస్తాను, తేడా ఇట్టే తెలుస్తుంది. చీము 14 రోజులు దాటినా, దుర్వాసన వచ్చినా, పిలిస్తే పలకకపోయినా చెవి డాక్టర్‌కి చూపించాల్సిందే. నూనె, ఇయర్ బడ్స్ వద్దు, స్నానంలో నీళ్లు పోనివ్వొద్దు, మందు చెప్పినన్ని రోజులూ పట్టండి.

చెవి వెనక వాపు, మూతి ఒక పక్కకి పోవడం, నడుస్తూ తూలడం, తలనొప్పితో వాంతులు, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడుండటం, ఫిట్స్, వీటిలో ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే ఆగొద్దు. మాలా రైలు కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి, అక్కడ మందు మొదలుపెడతారు, విశాఖో బరంపురమో తర్వాత.

బాబుకి చీము ఏ తేదీన మొదలైంది, సిరప్ ఎన్ని రోజులు పట్టారు? గుర్తుండగానే ఇప్పుడే రాసి పెట్టుకోండి.