హ్యూస్టన్ ర్యాప్‌కి 2005 నాటి రోజులు మళ్ళీ వస్తాయా?

"2005లో హ్యూస్టన్ ర్యాపర్లు అమెరికా మొత్తాన్ని ఊపేశారు, ఆ వైభవం ఆ ఊరికి మళ్ళీ వస్తుందా?" అని అడిగారు. రాదనే నా నమ్మకం. నాకు సంగీతంలో ఓనమాలు రావు. 2004 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో దిగి, ఇప్పటికీ ఆ ఊరి శివార్లలోనే కాపురం ఉంటున్నాను, అదొక్కటే నా అర్హత. ఆ సంబరమంతా నా కళ్ళ ముందే జరిగింది. జరుగుతున్నప్పుడు అది సంబరమని మాత్రం తెలియలేదు.

క్యాంపస్ లైబ్రరీలో రాత్రిపూట డెస్కు పని దొరికింది. నాతో పాటు ఇంకో కుర్రాడు ఉండేవాడు, ఊరికి దక్షిణాన సౌత్ పార్క్ అనే పేటలో పుట్టి పెరిగినవాడు. మా సీనియర్ ఇండియా వెళ్ళిపోతూ నాకు అంటగట్టిన కారులో క్యాసెట్ ప్లేయర్ మాత్రమే ఉందని చెబితే, మర్నాడు బూడిద రంగు టేపు ఒకటి తెచ్చిచ్చాడు. వేసి చూస్తే గొంతులు బండబారి, పాట సాగిపోతోంది. చిన్నప్పుడు టేప్‌రికార్డర్‌లో సెల్సు అయిపోయేటప్పుడు ఘంటసాల గొంతు ఇలాగే దిగజారిపోయేది, అప్పుడు సెల్సు తీసి ఎండలో పెట్టేవాళ్ళం. ప్లేయర్ చెడిపోయిందనుకుని టేపు తీసేసి, మర్నాడు తిరిగిచ్చేశాను. వాడు నవ్వీ నవ్వీ కుర్చీలోంచి పడిపోబోయాడు. "బాగానే ఉంది భయ్యా (వాడికి నేను నేర్పిన రెండు మాటల్లో ఇదొకటి), దాని తీరే అంత. రాత్రి పదకొండు దాటాక 288 హైవే ఎక్కి, అద్దాలు దించి, మెల్లగా పోనిచ్చి విను" అన్నాడు.

అలాగే విన్నాను. హ్యూస్టన్‌లో రాత్రి పదకొండుకి కూడా గాలి తడిగుడ్డలా మొహానికి అతుక్కుంటుంది. ఊరు ఎంత వెడల్పంటే నడిబొడ్డు చుట్టూ తిరిగే 610 లూపు ఒక్కటే 38 మైళ్ళు. ఎక్కడికి వెళ్ళాలన్నా కారే, ఎంతసేపున్నా కారులోనే. ఆ ఉక్కలో, ఆ దూరాల్లో, ఆ నిదానం పాట నాకు మొదటిసారి తలకెక్కింది.

ఆ టేపు డీజే స్క్రూది. నేను ఊళ్ళో దిగేసరికే ఆయన పోయి నాలుగేళ్ళు, 2000 నవంబరులో, 29 ఏళ్ళకే. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాని వెనక ఒకటి రవ్వంత ఆలస్యంగా నడిపి, మాటల్ని తరిగి రెట్టించి, ఆ మొత్తాన్ని టేపు మీద వేగం తగ్గించి దింపేవాడు. తొంభైల్లో ఇంటి దగ్గరే పది డాలర్లకో టేపు అమ్మేవాడు. జనం కార్లు వరస కట్టేసరికి, లోపల మత్తుమందు అమ్ముతున్నారని పోలీసులు అనుమానపడ్డారట. 1998లో కల్లెన్ వీధిలో కొట్టు తెరిచాడు, మా క్యాంపస్ పక్క నుంచి పోయే రోడ్డే అది. ఆ కొట్టులో అమ్మేది స్క్రూ మిక్సులే. నేనూ మావాడూ ఒక శనివారం వెళ్ళాం. వాడు గుళ్ళోకి వచ్చినట్టు టోపీ తీసేశాడు.

ఇంత వివరం ఎందుకంటే, "2005 వైభవం" అని మీరంటున్నది చెట్టు చివర కాసిన కాయ. దాని వేరు ఇదిగో, ఇక్కడుంది. మనవాళ్ళు "ఇంట గెలిచి రచ్చ గెలువు" అంటారే, హ్యూస్టన్ అచ్చంగా అదే చేసింది. ఎనభైల్లో జే ప్రిన్స్ రాప్-ఎ-లాట్ అనే రికార్డుల కంపెనీ పెట్టాడు. 1991లో గెటో బాయ్స్ అనే ఇక్కడి బృందం పాట ఒకటి దేశమంతా మోగింది. అయినా న్యూయార్కు, లాస్ ఏంజెలెస్ వీళ్ళని పల్లెటూరి బాపతుగానే చూశాయి. చూస్తే చూడనీ అని వీళ్ళు సొంత సంత కట్టుకున్నారు. పాట తయారయ్యేది ఊళ్ళోనే. సౌత్‌వెస్ట్ హోల్‌సేల్ అని స్థానిక డిస్ట్రిబ్యూటర్ ఉండేది, చిన్న చిన్న రికార్డు కంపెనీల సీడీలని దక్షిణాది కొట్లన్నిటికీ అదే చేర్చేది. పెట్రోలు బంకు కౌంటర్ మీద, కార్‌వాష్‌ దగ్గర, ఆదివారం సంతలో సీడీలు దొరికేవి. పెద్ద కంపెనీ విదిల్చే వాటా కన్నా ఇలా అమ్ముకుంటే చేతిలో మిగిలేది ఎన్నో రెట్లు. ఇక్కడి ర్యాపర్ స్లిమ్ థగ్ తన మొదటి పెద్ద ఆల్బమ్‌కి "ఆల్రెడీ ప్లాటినమ్" (పది లక్షల కాపీలు అమ్ముడైతే ఇచ్చే బిరుదు ప్లాటినమ్) అని పేరు పెట్టుకున్నాడంటే ఊరికే కాదు. మీ సంతకం లేకుండానే నేను ధనవంతుణ్ణి అని చెప్పడం అది.

ఇక కార్లు. స్లాబ్ అంటే మన మేడ పైకప్పు అనుకునేరు. బారెడు పొడవున్న పాత క్యాడిలాక్ లాంటి కారుకి బెల్లప్పాకం పోసినట్టు మెరిసే క్యాండీ పెయింట్ వేసి, మూరెడు బయటికి పొడుచుకొచ్చే కమ్మీల చక్రాలు బిగిస్తే దాన్ని ఇక్కడ స్లాబ్ అంటారు. ఆదివారం సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్ వీధిలో అవి ఊరేగింపులా పోయేవి. ఆ చక్రాలు పక్కవాడికి తగలకూడదు, చూసేవాళ్ళకి కనపడాలి, అందుకే నడిపేది నత్తనడక. పాట కూడా ఆ నడకకే కొలిచి కుట్టినట్టుండేది. రేడియో కోసమో, న్యూయార్కు విమర్శకుడి కోసమో చేసిన పాట అలా ఉండదు.

దక్షిణాన స్క్రూ ఉంటే, ఉత్తరాన మైకేల్ వాట్స్, ఓజీ రాన్ సీ అనే డీజేలు కలిసి 1997లో స్విషాహౌస్ అనే రికార్డు కంపెనీ మొదలెట్టారు. రెండు వైపులకీ పడేది కాదు. ఆ కక్షలు నాకు సగమే అర్థమయ్యేవి.

అప్పుడొచ్చింది 2005. ఏప్రిల్‌లో మైక్ జోన్స్ ఆల్బమ్. పాటల్లో తన ఫోన్ నంబరే చెప్పుకున్న మహానుభావుడు ఈయనే. జులైలో స్లిమ్ థగ్. సెప్టెంబరులో పాల్ వాల్ ఆల్బమ్ దేశంలో అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా ఒకటో స్థానంలో దిగింది. అక్టోబరులో బన్ బి, నవంబరులో కమీలియనేర్. మరుసటి ఏడాది కమీలియనేర్ "రైడిన్" దేశంలో నంబర్ వన్ అయి, 2007లో గ్రామీ కూడా తెచ్చుకుంది. మా అపార్టుమెంటులో నలుగురం తెలుగువాళ్ళం, అందులో ఇద్దరికి ఆ పాటే రింగ్‌టోన్. తరగతిలో ఒకసారి మోగితే ప్రొఫెసర్ కూడా తల ఊపాడు. 2005 డిసెంబరు చివర్లోనే, యూజీకే అనే ర్యాప్ జంటలో బన్ బికి జోడీ అయిన పింప్ సి జైలు నుంచి విడుదలయ్యాడు. మా లైబ్రరీవాడు ఆ వారమంతా పండగ చేసుకున్నాడు.

బయటికి అది ఆరంభంలా కనిపించింది. ఇప్పుడు వెనక్కి చూస్తే, విత్తనాలు పెట్టుకోకుండా మొత్తం అమ్మేసిన పంట అది. సౌత్‌వెస్ట్ హోల్‌సేల్ 2003లోనే మూతపడింది. సొంత దారి మూసుకుపోయాక పెద్ద కంపెనీల దగ్గరికి వెళ్ళడం తప్ప వేరే దారేది? వెళ్ళాక ఏమైందో చూడండి. స్లిమ్ థగ్ ఆల్బమ్‌లో చాలా పాటలు నెప్ట్యూన్స్ అనే సంగీత దర్శకుల జంట చేతికిచ్చారు. వాళ్ళు గొప్పవాళ్ళే, కానీ వర్జీనియా వాళ్ళు. హ్యూస్టన్ గొంతు కింద వేరే ఊరి తాళం. ఆ ఆల్బమ్ విన్న రోజు మావాడు ఒక్క మాటే అన్నాడు, "ఇది నా కారులో సరిగ్గా మోగట్లేదు". ఇంతకన్నా నిఖార్సైన సమీక్ష నేనెక్కడా చదవలేదు.

రేడియో కథ కూడా అంతే. 1996 టెలికాం చట్టం వచ్చాక ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఎన్ని స్టేషన్లయినా కొనుక్కోవచ్చు. అలా కొన్నారు కూడా. ఏ పాట వెయ్యాలో ఊరి డీజే కాకుండా ఎక్కడో కూర్చున్నవాడు తేల్చడం ఎక్కువయ్యే కొద్దీ, ఊరి పాటకి తావు తగ్గుతూ వచ్చింది. ఆ తర్వాత సీడీలే పోయాయి. ఇవాళ స్ట్రీమింగ్‌లో పాట ఒకసారి వింటే చాలాచోట్ల సెంటులో సగం కూడా రాదు. పది డాలర్ల టేపు మీద ఒక పేట బతికిన లెక్కని ఈ లెక్కతో కలపడం నా ఇంజినీరింగు చదువుకి చేతకావట్లేదు.

చావులు. దీని గురించి తేలిగ్గా రాయలేను. స్క్రూ 29కి పోయాడు. ఆయన బృందంలో ఫ్యాట్ ప్యాట్‌ని 1998లో కాల్చి చంపారు, అతని అన్న బిగ్ హాక్‌ని 2006లో. 2007 అక్టోబరులో బిగ్ మో, డిసెంబరులో పింప్ సి, ఇద్దరికీ 33. స్క్రూ, పింప్ సి చావుల్లో కోడీన్ దగ్గు మందు పాత్ర ఉంది. సోడాలో కలుపుకుని తాగే ఆ మందు మీద ఈ ఊరు పాటలు కట్టింది, దానికే తన పెద్దల్ని బలిచ్చింది. "ఆ మత్తు లేకపోతే ఆ సంగీతమే లేదు" అని కొందరు గొప్పగా చెబుతుంటారు. నేను ఒప్పుకోను. నేను ఆ టేపు విన్నది లైబ్రరీ డ్యూటీ దిగి, ఒక కప్పు టీ తాగి. బాగానే ఎక్కింది.

"మరి ట్రావిస్ స్కాట్? మేగన్ దీ స్టాలియన్?" అంటారు, తెలుసు. ఈ తరం ర్యాపర్లిద్దరూ ఇక్కడివాళ్ళే. ట్రావిస్ పెరిగిన మిజోరి సిటీ మా ఇంటికి దగ్గర. మేగన్ సౌత్ పార్క్ పిల్ల, 2021లో ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ తీసుకుంది. డబ్బులోనూ పేరులోనూ 2005 వాళ్ళందరినీ కలిపినా వీళ్ళకి సాటి రారు. కానీ ఊళ్ళో రెండు తాడిచెట్లు ఆకాశాన్నంటినంత మాత్రాన ఊరంతా పంట పండిందని చెప్పలేం కదా. 2005లో ఒకడు పైకొస్తే వెనకాల పదిమంది వచ్చారు, ఒకరి పాటలో ఇంకొకరు, అందరి సీడీలూ అదే బంకులో. ఇప్పటివాళ్ళు ఇంటర్నెట్ నుంచి నేరుగా ప్రపంచంలోకి వెళ్ళిపోయారు. తప్పు పట్టడానికేమీ లేదు, నేనూ అదే చేసేవాణ్ణి. దాన్ని "హ్యూస్టన్ సీన్ (ఊరంతా కలిసి చేసే సంగీత సందడి) తిరిగొచ్చింది" అనడమే నాకు ఒప్పదు.

ట్రావిస్ 2018 ఆల్బమ్ పేరు "ఆస్ట్రోవరల్డ్". ఇక్కడ అదే పేరుతో ఉన్న వినోదాల పార్కుని సరిగ్గా 2005 అక్టోబరు చివర మూసేశారు. ఊరి సంగీతం శిఖరాన ఉన్న నెలల్లోనే. మూసే ముందు వేసవిలో మేం నలుగురం వెళ్ళి, చెక్క రోలర్‌కోస్టర్ ఎక్కి, కళ్ళు తిరిగి కూర్చున్నాం. పిల్లలకి అది ఇప్పుడు ఆల్బమ్ పేరు. 2021 నవంబరులో ఆ పార్కు స్థలానికి ఎదురుగానే జరిగిన ఆస్ట్రోవరల్డ్ పండగలో తొక్కిసలాట జరిగి పదిమంది చనిపోయారు. ఆ తర్వాత ఆ పేరు వింటే ఊళ్ళో మొహాలు మారిపోతాయి.

దానికి నాలుగు నెలల తర్వాత, 2022 మార్చిలో, అదే ప్రాంగణంలోని స్టేడియంలో రోడియో ఉత్సవాల్లో బన్ బి కచేరీ పెట్టాడు. పాతవాళ్ళందరినీ స్టేజీ ఎక్కించాడు. నేను, మా ఆవిడ వెళ్ళాం. పశువుల పోటీలు, గుర్రాల స్వారీ అయ్యాక అదే మట్టి మీద ర్యాప్. నా పక్కన అరవై దాటిన తెల్లాయన కౌబాయ్ టోపీతో ప్రతి పదం కలిపి పాడుతున్నాడు. పాల్ వాల్ రాగానే జనం లేచి నిలబడ్డారు. ఆ రాత్రి నిజంగానే అంతా తిరిగొచ్చినట్టనిపించింది. కానీ స్టేజీ మీద వినిపించినవి చాలావరకు పదిహేను, పాతికేళ్ళ నాటి పాటలు. "మన పెళ్ళినాటి సినిమా మళ్ళీ థియేటర్లో వేసినట్టుంది" అంది మా ఆవిడ. ఆ పాతవాళ్ళలో బిగ్ పోకీ 2023 జూన్‌లో బోమాంట్ అనే ఊళ్ళో పాడుతూ పాడుతూ స్టేజీ మీదే కూలిపోయి, కన్నుమూశాడు.

నేను పనిచేసిన లైబ్రరీయే తర్వాత స్క్రూ వాడిన వినైల్ రికార్డుల్ని సేకరించి భద్రపరిచింది. నేనక్కడ డెస్కు దగ్గర కునుకుపాట్లు పడుతున్న రోజుల్లో ఆయన కొట్టు అదే రోడ్డు మీద ఉండేది, క్యాంపస్‌లో పట్టించుకున్నవాళ్ళు నాకు కనపడలేదు. ఇప్పుడు వాటిని చూడాలంటే ముందుగా అడిగి, రీడింగ్ రూములో కూర్చుని చూడాలి. బతికున్న సీన్‌కి ఆ అవసరం ఉండదు.

మరి ఊరి శబ్దం ఏమైంది అంటే, అది ఊరు దాటిపోయింది. 2009లోనే టొరంటో ర్యాపర్ డ్రేక్ స్క్రూ టేపుని తన పాటలో వాడుకున్నాడు. 2011లో న్యూయార్కులోని హార్లెమ్ నుంచి ఏసాప్ రాకీ అనే ర్యాపర్ హ్యూస్టన్ యాసలోనే పైకొచ్చాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమని మావాడు తిట్టేవాడు (సామెత నేను నేర్పిందే, ఇంగ్లీషులోకి మార్చి వాడేవాడు). నాకంత కోపం లేదు. రెండూ బాగున్నాయి.

మొన్న మా అమ్మాయిని సంగీతం క్లాసు నుంచి తీసుకొస్తున్నాను. దానికి పదిహేనేళ్ళు. ఫోన్ కారుకి కలిపి ఏదో పాత తెలుగు సినిమా మెలొడీ పెట్టింది, యూట్యూబ్‌లో ఇప్పుడు వేలకొద్దీ ఉంటాయే, "స్లోడ్ అండ్ రివర్బ్" అని. గాయని గొంతు బరువెక్కి, సాగి, సాగి... నాకు ఆ బూడిద రంగు టేపు గుర్తొచ్చింది. 288 మీదే ఉన్నాం. "ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా? ఇక్కడికి పది నిమిషాల దూరంలో" అన్నాను.

అది నావైపు జాలిగా చూసింది. "నాన్నా, ఇది తెలుగు పాట."