మిలటరీ నుంచి వచ్చిన నాన్నగారితో వ్యాపారం పెట్టించాలా? మా పెదనాన్న అనుభవం

మీ నాన్నగారు పదిహేడేళ్ల సర్వీసు తర్వాత హవల్దారుగా రిటైరై వచ్చారనీ, నాలుగు నెలలుగా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదనీ రాశారు. చేతికొచ్చిన డబ్బుతో వ్యాపారం పెట్టిస్తే మనిషి మామూలవుతాడా అని అడిగారు. మా పెదనాన్నా సరిగ్గా పదిహేడేళ్లు చేసి హవల్దారుగానే బయటికొచ్చారు. ఆయన్ని నలభై ఏళ్లుగా దగ్గరగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. పెదనాన్న 1968లో, పద్దెనిమిదేళ్లకు, ఇక్కడ బెంగళూరులో అల్సూరు చెరువు దగ్గరున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అనే సైన్యపు ఇంజనీర్ల దళంలో చేరారు. 1780 నాటి దళం అది. అక్కడి జవాన్లను 'తంబీ' అంటారు. పెదనాన్నకి 75 ఏళ్లొచ్చినా పాత తోటివాళ్లు ఫోన్ చేస్తే ఇప్పటికీ అదే పిలుపు.

1971 డిసెంబరు 15 రాత్రి ఆయన పశ్చిమ సరిహద్దులో బసంతర్ నది దగ్గర ఉన్నారు. మన ట్యాంకులు దాటడానికి మందుపాతరల మధ్య దారి తీయడం వాళ్ల పని. ఒక్కసారే, నాకు పన్నెండేళ్లప్పుడు, అది ఎలా చేసేవారో చూపించారు. పెరట్లో మల్లెపాదు దగ్గర బోర్లా పడుకుని, స్క్రూడ్రైవర్‌ని మట్టిలోకి ఏటవాలుగా దించారు. నిటారుగా గుచ్చితే మైన్ నెత్తిన ఒత్తిడి పడుతుంది, పక్కనుంచి తగలాలి. తగిలిందా, ఆగాలి. రెండు వేళ్లతో మట్టి తీయాలి. దారి మొత్తం పూర్తికాకముందే పూనా హార్స్ అనే రెజిమెంట్ ట్యాంకులు కదిలిపోయాయి, అంత తొందర ఆ రాత్రి. మర్నాడు ఆ పోరులోనే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ చనిపోయారు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆయనకి 21 ఏళ్లు. "నాకూ అప్పుడు అంతేరా" అని పెదనాన్న లేచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయారు. తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అందుకే మీకు ముందు చెప్పేది, మాట్లాడమని నాన్నగారిని తవ్వకండి. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడి లేవడం, తాగుడు ఎక్కువవడం లాంటివి కనిపిస్తే మాత్రం నాన్చకుండా మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి తీసుకెళ్లండి. ఉత్త మౌనమైతే కొంత కాలం ఆయనకి వదిలేయండి.

ఇక డబ్బు సంగతి. మొదటి సంవత్సరం ఒక్క రూపాయి కూడా వ్యాపారంలో పెట్టనివ్వకండి. చేతిలో డబ్బుందని తెలియగానే పార్ట్‌నర్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. పెదనాన్న 1985లో వచ్చినప్పుడూ వచ్చారు. ఆయన ఎవరి మాటా వినకుండా బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో ఒక లేత్ షాపులో రోజుకూలీకి చేరారు. మిలటరీలో నేర్చుకున్న ఫిట్టర్ పని చేతిలో ఉంది, ధరలు కట్టడం, గిరాకీ తెచ్చుకోవడం మాత్రం తెలియదు. హవల్దారుగా చేసిన మనిషి ఇనుప చెత్త ఊడుస్తుంటే మా పెద్దమ్మకి ఏడుపొచ్చిందట. రెండేళ్ల తర్వాత ఒక చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని, ఒక సెకండ్ హ్యాండ్ లేత్‌తో బుష్‌లు, పిన్నులు చేసే జాబ్ వర్క్ మొదలుపెట్టారు.

బాగా నడిచింది కానీ, నల్లేరు మీద నడక కాదు. ఒకసారి ఒక పెద్ద కంపెనీ ఏడు నెలలు పేమెంట్ ఆపేసింది. పెద్దమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి. ఆ ఏడు నెలలూ ప్రతి ఏడో తారీకున కుర్రాళ్ల జీతాలు మాత్రం పడ్డాయి. ఆ రోజుల్లో అడగడానికి గట్టి చట్టం లేదు. 2006 చట్టం వచ్చాక చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లోపు డబ్బివ్వాలి, లేకపోతే వడ్డీ కట్టాలి. మీ నాన్నగారు ఎప్పుడైనా షెడ్డు తెరిస్తే మొదటి రోజే ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే ప్రభుత్వం దగ్గర చిన్న పరిశ్రమగా నమోదు, చేయించండి.

నిజానికి పెదనాన్న మనిషిగా తెరుచుకున్నది వ్యాపారంలో కాదు. ఆ షెడ్డు అన్నం పెట్టింది, అంతే. షెడ్డు మా అన్నయ్యకి అప్పగించాక హోసూరు రోడ్డులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టారు. అనంతపురం, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి కన్నడ బోర్డులు చదవడం రాదు, ఏ గదికి వెళ్లాలో తెలియదు. ఈయన ప్రతి గురువారం పొద్దున్నే వెళ్లి వాళ్ల పక్కన నిలబడతారు. నేను తోడు వెళ్లిన రోజు, చదువురాని ఒకావిడకి మందుల కవర్ల మీద పెదనాన్న పెన్నుతో సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి ఇచ్చారు. పొద్దున వేసుకునేది ఇది, రాత్రి వేసుకునేది ఇది. ఆవిడ రెండు కవర్లూ పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడో తిరిగి ఆయనకే చెప్పింది. పెదనాన్న ముఖంలో ఆ వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

ఇంకో పని, సిపాయిల భార్యల పెన్షన్ కాగితాలు. వాళ్ల దళం రికార్డ్ ఆఫీసు బెంగళూరులోనే ఉండటంతో ఊళ్ల నుంచి ఈయన దగ్గరికే వస్తారు. పొలం పనుల్లో వేళ్లు అరిగిపోయి లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర పడని ముసలమ్మలకి, ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ చేయించడం ఆయన 71వ ఏట నేర్చుకున్నారు. చాలా చిక్కులు మాత్రం ఒక్క దగ్గరే వస్తాయి. సర్వీసు రికార్డులో భార్య పేరు లక్ష్మమ్మ అని ఉంటుంది, ఆధార్‌లో మహాలక్ష్మి అని ఉంటుంది. భర్త బతికుండగా సరిచేసుకుంటే చిన్న పని. ఆయన పోయాక ఆవిడ ఒక్కతే అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి.

మీ నాన్నగారికి వ్యాపారం సంగతి తర్వాత చూద్దురుగాని. ఈ వారమే ఆయన డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) తీసి, అందులో మీ అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే నాన్నగారినే వెంటపెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ వరుసలో కూర్చున్నవాళ్లలో తన కాగితాలు తాను చదువుకోలేని వాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. మీరు మధ్యలో కల్పించుకోకుండా, టీ తాగొస్తానని చెప్పి ఒక అరగంట బయటికి వెళ్లండి.